మైనానికి పట్టిన బిర్యానీ వాసన

తేనె మిషన్ల మీద కొత్తగా పనికి చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నా దగ్గర ఏదో రహస్యం ఉందని వాళ్ళకెవరో చెప్పారట. "సపరేటర్ నడిపేదాంట్లో కిటుకేంది సార్?" అని అడుగుతారు. కిటుకేమీ లేదు. తేనె బరువు కాబట్టి కిందికి పోతుంది. మైనం తేలిక కాబట్టి పైకి వస్తుంది. మధ్యలో మనం అడ్డం పడకుండా ఉంటే చాలు. ఈ మాట చెబితే పిల్లలు ముఖం చిన్నబుచ్చుకుంటారు. అందుకని వాళ్ళను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, బిర్యానీ కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ మా ఆవిడ కాఫీ పెట్టలేక విసుక్కుంటుంది. రాసి పెడితే ఆమెకు ఆ శ్రమ తప్పుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

మా యూనిట్ హిందూపురం ఊరి బయట ఒక రేకుల షెడ్డు. అంతకుముందు నేను వేరుశనగ నూనె మిల్లులో పనిచేసేవాణ్ణి. అది మూతపడ్డాక ఇక్కడ చేరాను. మిల్లులో అరవనిదే పని జరగదు. తేనె దగ్గర ఎంత అరిచినా తీరుబడిగా అదే వస్తుంది. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పని చెబుతాను, కొంచెమే. తుట్టెలో తేనె నిండితే ఈగలు దాని మీద పల్చగా మైనం మూత వేస్తాయి. రైతులు పెట్టెల్లోంచి ఆ ఫ్రేములు తీసి తెస్తే, మేము మూతలు కోసి, తేనె పిండి, అంతా కలిపి సపరేటర్ తొట్టిలోకి వదిలేవాళ్ళం. తొట్టికి రెండు గోడలు. గోడల సందులో నీళ్ళు, ఆ నీళ్ళలో కరెంటు హీటరు. నీళ్ళు కాగితే లోపల మైనం కరుగుతుంది, తేనె మాడదు. తొట్టి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. కాసేపటికి అందులో ఒక గీత తేలుతుంది. గీతకు పైన మైనం, కింద తేనె. ఆ గీతను చూసుకుంటూ కింది కొళాయి, పై కొళాయి తిప్పడమే నా ఉద్యోగం. వాటి మీద ఇంకెవరైనా చెయ్యి వేస్తే నాకు ఒళ్ళు మండేది. వంటింటి కొళాయి కూడా తనను తిప్పనివ్వనని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటుంది.

మూతలు కోసే పని మా అక్కది. సొంత అక్క కాదు, అందరమూ అక్కా అనేవాళ్ళం. పుట్టినిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. మెట్టినిల్లు పెనుకొండ. రోజూ పొద్దున ప్యాసింజర్‌లో హిందూపురం వచ్చేది. పట్టుదారం చిక్కులు విడదీసి పెరిగిన చెయ్యి కాబట్టి, కత్తి పట్టుకుంటే మూత వరకే తెగేది, కింద తేనె గది చెక్కుచెదిరేది కాదు. నుదుట కుంకుమ నిలవడానికి ముందు రవ్వంత మైనం రాసుకునే ఆడవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. అక్క వాళ్ళలో ఒకతె. షెడ్డులో మైనం గోరంత తీసుకుని బొట్టు దిద్దుకుని గానీ పని మొదలుపెట్టేది కాదు.

మా ఓనరుది ఊళ్ళో పేరున్న అంగడి కుటుంబం. మనిషి మంచివాడే, కానీ ముక్కు కొంచెం ఎక్కువ మంచిది. ఎక్కడో ఎవరో వెల్లుల్లి వలిస్తే ఈయనకు ఇక్కడ తుమ్ములొచ్చేవి. శనివారాలు ఒక్కపొద్దు. అటువంటి మనిషికి దేవుడిచ్చిన పక్క షెడ్డు ఎవరిదనుకున్నారు? పెండ్లిళ్ళకు బిర్యానీ వండే భాయ్‌ది. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఏ నికా జరిగినా ఆయన పెద్ద వంట డేగిసాలే పొయ్యి ఎక్కాలి. గాలి ఆ వైపు నుంచి తిరిగిందంటే మా ఓనరు లేచి కిటికీ మూసేవాడు. "ఏమప్పా, మా వాసనకు కూడా తలుపులేస్తాండావే!" అని భాయ్ అక్కడి నుంచి అరిచేవాడు. అంతా నవ్వులాటే. భాయ్ వాళ్ళమ్మకు దగ్గు వస్తే, అడగకముందే తేనె సీసా పంపేది కూడా ఈయనే.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. తేనె రైతుది, మైనం యూనిట్‌ది. కూలి కింద మైనం మేము ఉంచుకునేవాళ్ళం. ఆ మైనాన్ని ఓనరు పూజ సామాన్ల అంగళ్ళకు అమ్మేవాడు. రైతుకు మళ్ళీ మైనం కావాలంటే బయట కొనుక్కోవాల్సిందే. ఎందుకు కావాలంటారా? మైనాన్ని పల్చటి షీటుగా ఒత్తి ఫ్రేములో కడితే, ఈగలు దాని మీద తొందరగా గదులు కడతాయి. షీటు లేకపోతే వాటి శ్రమంతా మైనం తయారీకే పోతుంది, తేనె వెనకబడుతుంది. ఈ కట్టుబాటును గుర్తుపెట్టుకోండి.

ఆ శనివారం పొద్దున్నే రొద్దం నుంచి ఒక రైతమ్మ టెంపోలో ఫ్రేములు తెచ్చింది. చింతతోపులో పెట్టెలు పెట్టి సాకిన ఈగల తేనె. ఆమెకు అదే మొదటి పంట. వేరేవాళ్ళయితే సరుకు దించి టీ తాగడానికి పోతారు. ఈమె మాత్రం తొట్టి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు చిరాకేసింది.

"ఏమ్మా, ఆడ కుచ్చుంటే తేనె బిరీన రాదు. పోయి టిఫినన్నా తిను పో" అన్నాను.

"తినబుద్ది కాలేదన్నా" అంది. ఆ తర్వాత అక్క పక్కన చేరి, మూతలు కోయడం చూస్తూ చూస్తూ అసలు సంగతి చెప్పింది. ఇంట్లో ఎవరికీ ఈగలంటే ఇష్టం లేదట. అత్త అయితే, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని వచ్చిన వాళ్ళందరి ముందరా సామెత చెప్పి నవ్వుతుందట. మొగుడు చెడ్డవాడు కాదు గానీ అమ్మ మాట దాటలేడు.

"అగళి నుంచి ఒకాయన వచ్చి పెట్టెలు చూసిపోయినాడక్కా. ఈ పంట చేతికి రాకుంటే ఆయనకిచ్చేయాలని ఇంట్లో తీర్మానం. ఈ పొద్దు తేనె బండెక్కితేనే అవి నావి" అంది.

"ఎక్కుతాదిలే, గమ్మునుండు. మా తమ్ముడికి నోరే చెడ్డది, చెయ్యి మంచిదే" అంది అక్క. నేను విననట్టు నటించాను.

తేనె కొనేవాళ్ళ బండి ధర్మవరం మీదుగా సాయంత్రానికి రావాలి. ఆ సీజన్‌కు అదే ఆఖరు బండి. వాళ్ళను తీసుకురావడానికి మా ఓనరు ధర్మవరం పోయాడు. నేను ఆమె తేనె మొత్తం తొట్టిలోకి ఎక్కించి హీటర్ వేశాను. మైనం అప్పుడప్పుడే మెత్తబడుతోంది, గీత ఇంకా తేలలేదు. అంతలో గాలివాన వచ్చింది. మా షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. కరెంటు పోయింది. పోతే పోయింది, వచ్చేటప్పుడు ఎంత ఓల్టేజీతో వచ్చిందంటే, ఒక్క చిటపట శబ్దం, కాలిన వాసన, హీటరు కాయిల్ బూడిద.

మిషన్ గురించి తెలియనివాళ్ళు ఇక్కడ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. చల్లారితే మైనం పైన గట్టిపడుతుంది కదా, అది తీసేసి కింద తేనె పట్టుకోవచ్చు కదా అని. పూర్తిగా విడిపోయాక చల్లారితే నిజమే. సగంలో చల్లారితే తేనె, మైనం కలిసి సంకటి ముద్ద అయిపోతుంది. కింది కొళాయి తిప్పితే గాలి కూడా రాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ మా పరిస్థితి. తొట్టి నిండా తేనె ఉంది, సీసాలోకి చుక్క రాదు.

ఓనరుకు ఫోన్ చేశాను.

"కాయిల్ బెంగళూరు నుంచి రావల్లప్పా, సోమవారం దాకా రాదు. బండి సాయంత్రానికే వస్తాది. ఏమన్నా చెయ్యి. ఏం చేస్తావో చెయ్యి" అన్నాడు.

ఏమన్నా చెయ్యమన్నాడు. ఫలానాది చెయ్యొద్దని మాత్రం చెప్పలేదు. ఇది నేను తర్వాత చాలాసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది.

రొద్దం ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఎలాగో ఓదార్చేవాళ్ళం. గాజు కిటికీ మీద అరచెయ్యి పెట్టి, పిల్లవాడి జ్వరం చూసినట్టు చూస్తూ నిలబడింది. అప్పుడే అక్క కత్తి పక్కన పెట్టి, "తమ్ముడా, మనకు కావాల్సింది కరెంటా, కాగిన నీళ్ళా?" అంది.

"కాగిన నీళ్ళే. సందులో పోసేకి. రెండు గోడల మధ్య నిండాలంటే యాడ నుంచి వస్తాయి అన్ని నీళ్ళు?"

అక్క పక్క షెడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

భాయ్ అప్పుడే దగ్గర్లో ఒక పెండ్లి భోజనాలు ముగించి డేగిసాలు దించుకుంటున్నాడు. సంగతి చెప్పగానే మనిషి లుంగీ ఎగ్గట్టాడు. "ఒక ఊరికే అన్నం వండుతాం, ఒక తొట్టికి నీళ్ళు కాంచలేమా? కట్టెలెయ్యండబ్బా!" అని తన మనుషులను కేకేశాడు. వాన వెలిసింది. షెడ్డు ముందర పొయ్యిలు లేచాయి. ఒక్కో డేగిసాకు గెడకర్ర తగిలించి ఇద్దరిద్దరు మోసుకొచ్చి పోస్తుంటే, నేను కింద నుంచి చల్లారిన నీళ్ళు వదులుతూ, గోడ మీద చెయ్యి పెట్టి వేడి చూస్తూ, అందరి మీదా అరుస్తూ ఉన్నాను. మిల్లు అలవాటు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. ముద్ద కదలాలి కాబట్టి తొట్టి మూత తీసి పెట్టాం. అక్క, రొద్దం ఆమె చెరొక కర్రతో మెల్లగా కలుపుతున్నారు.

ముద్ద మెత్తబడింది. పైన తడి మెరిసింది. ఇంకొక్క విడత వేడి నీళ్ళు పడితే గీత తేలుతుంది. అప్పటికి కడిగిన డేగిసాల్లో నీళ్ళు అయిపోయాయి. భాయ్ దగ్గర మిగిలింది అన్నిటికంటే పెద్ద డేగిసా. అందులోంచి బిర్యానీ తీసి ఎంతోసేపు కాలేదు. అడుగున మాడు, మసాలా, నెయ్యి అట్లే ఉన్నాయి. దాంట్లోనే నీళ్ళు పోసి కాంచేశారు.

"కడగలేదు కదప్పా!" అన్నాను.

"కడిగేకి యాడిదన్నా టైము? నీళ్ళు పడేది సందులో కదా, తేనెలో కాదు కదా" అన్నాడు భాయ్.

అక్క కూడా, "చుక్క లోపలికి పోదులే, పొయ్యనీ" అంది. ఆ మాట నిజమే. చుక్క కూడా లోపలికి పోలేదు. కానీ ఆవిరికి గోడలుండవని మాకెవరికీ తట్టలేదు. పైగా మైనం ఒట్టి దొంగ బుద్ధిది. దగ్గర ఏ వాసన ఉంటే దాన్ని మూట కట్టుకుంటుంది. సందులో నీళ్ళు పడగానే ఆవిరి గుప్పుమని లేచి, మూత తీసిన తొట్టి మీద గొడుగు పట్టింది. లవంగం, చెక్క, పుదీనా, వేయించిన ఉల్లిగడ్డ, ఒకటేమిటి! షెడ్డంతా దావత్ అయిపోయింది. ఇంత ఆందోళనలోనూ నాకు ఆకలేసింది.

అదే సమయానికి కిటికీలో గీత తేలింది. రొద్దం ఆమె నా భుజం పట్టుకుని ఊపేసింది. "అన్నా, గీత! గీత వచ్చింది!" నా మిషన్ దగ్గర నాకంటే ముందు ఇంకొకరు గీత చూడటం అదే మొదటిసారి. కోపం రావాల్సింది, రాలేదు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బండి హారన్ వినబడింది. ముందు సీటులోంచి మా ఓనరు దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ముక్కు పైకెత్తాడు.

"ఎవరప్పా ఈడ బిర్యానీ తిన్నది?"

ఆయన వాసన పట్టుకుని తొట్టి దాకా వచ్చాడు. వంగి మైనం మీద ముక్కు పెట్టాడు. మనిషి ముఖం పాలిపోయింది. ఆయన భయం నాకు అర్థమైంది. తేనెకు కూడా ఆ వాసన పట్టి ఉంటే, కొనేవాళ్ళు దాన్ని తోసేస్తారు. మా యూనిట్ పేరూ పోతుంది. వెనకాల బండి మనిషి గడియారం చూసుకుంటున్నాడు. తలుపు దగ్గర భాయ్ తడి లుంగీతో నిలబడ్డాడు.

"సార్, తేనె కింద ఉండాది. పైన మైనం మూత మాదిరి కప్పుకోనుండాది. తేనెకు అంటిందో లేదో రుచి చూస్తే గానీ తెలీదు" అన్నాను.

"ఎవరు చూసేది?"

మేమెవరం చూసినా లాభం లేదని అందరికీ తెలుసు. మసాలా ఆవిరిలో నిలబడి నిలబడి మా ముక్కులు చచ్చిపోయాయి. మా వాళ్ళలో నిమిషం క్రితం లోపలికి వచ్చిన ముక్కు ఒక్కటే ఉంది. అది ఊళ్ళోకెల్లా పదునైన ముక్కు. కానీ ఆ పొద్దు శనివారం, ఆయన ఒక్కపొద్దు.

అక్కే ముందుకొచ్చి, "సార్, ఆ బిడ్డ పెట్టెలు ఈ పొద్దు ఉంటాయా పోతాయా అనేది నీ నాలిక మీద ఉండాది" అంది.

ఓనరు రొద్దం ఆమె వైపు చూశాడు. తొట్టి వైపు చూశాడు. బయటికి పోయి చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని, గోవిందా అని అరచెయ్యి చాపాడు. నేను కింది కొళాయి రవ్వంత తిప్పాను. తేనె సన్నగా జారి ఆయన చేతిలో పడింది. నాలిక మీద వేసుకున్నాడు.

"చింతపూలు" అన్నాడు. మళ్ళీ, "చివర్లో చిన్న పులుపు. అంతే. ఇంకేం లేదు" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి మళ్ళీ చాపి, "ఇంకొంచెం పొయ్యప్పా" అన్నాడు.

రొద్దం ఆమె అప్పుడు ఏడ్చింది. కింద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కట్టెల పొగ అని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు. బండి మనిషి కూడా రుచి చూసి తలూపాడు. క్యాన్లు బండెక్కాయి.

మిగిలింది మైనం. చల్లారి పసుపుపచ్చటి దిమ్మె అయింది. చూడటానికి బంగారం, వాసన చూస్తే పెండ్లి పందిరి. ఓనరు దాన్ని దూరం నుంచే చూసి, "ఇది నాకొద్దు. పూజ అంగడికి ఇది పంపిస్తే నన్ను వీధిలో తిరగనిస్తారా? తీసుకపోమ్మా" అన్నాడు.

"నాకా సార్?" అంది ఆమె. మా కట్టుబాటు ఆమెకూ తెలుసు.

"నీకే. బిరీన తీసుకపో" అన్నాడు.

కలిసొచ్చే కాలానికి నడిసొచ్చే కొడుకు పుడతాడంటారు. షీట్లకు మైనం ఎక్కడ కొనాలా అని దిగులుపడుతున్న మనిషికి దిమ్మెకు దిమ్మె దొరికింది. కానీ నాకొక అనుమానం మిగిలిపోయింది. మనుషుల ముక్కే పట్టేసిన వాసనను ఈగలు ఊరుకుంటాయా? ఆ షీట్లను చూసి పెట్టె వదిలి లేచిపోతే? చాలా రోజులు నాకు ఇదే ఆలోచన. అక్కకు ఆ బెంగ లేదు. ఆ దిమ్మెలోంచి గోరంత తీసి దాచుకుని మర్నాడు ఇంట్లోనే బొట్టు పెట్టుకుంది. ప్యాసింజర్‌లో పక్కన కూర్చున్నామె, "ఏమక్కా, పొద్దున్నే బిర్యానీ కట్టుకోని పోతాండావే" అందట. అక్క దిగి షెడ్డుకు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

మరుసటి సంవత్సరం చింతపూల కాలం తిరిగి వచ్చింది. ఒక పొద్దున టెంపో ఆగింది. రొద్దం ఆమె ముందు దిగింది. వెనకాల ఒక మగమనిషి ఫ్రేముల పెట్టె మోస్తూ దిగాడు. "వంచొద్దు, నిదానంగా తీసుకరా" అని ఆమె చెబుతుంటే ఆయన తలూపుతున్నాడు. మొగుడట. ఆమె ఒక ఫ్రేము తీసి నా చేతికిచ్చింది. ఆ మైనంతో ఒత్తిన షీటు మీద ఈగలు అంచు నుంచి అంచుకు గదులు కట్టి, నింపి, మూతలు వేసి ఉన్నాయి. నేను వాసన చూశాను. అక్క చూసింది. తేనె వాసన తప్ప ఏమీ లేదు. అక్క ముఖంలో కొంచెం నిరాశ కనబడింది.

"షీట్లను చెట్టు నీడలో గాలికి ఆరేసినానన్నా. మా అత్త వచ్చి వాసన చూసి, ఈ పొద్దు ఏం పండగే అని అడిగింది" అంది ఆమె. మొగుడు కూడా నవ్వాడు.

ఈ సంగతి భాయ్‌కి చెప్పాలని పక్క షెడ్డుకు పోతే తాళం వేసి ఉంది. కనగానపల్లిలో ఏదో పెండ్లికి డేగిసాలన్నీ ఎత్తుకుని ముందురోజే పోయాడట. ఫోన్ చేస్తే, వంట మధ్యలో ఉన్నాడు. "ఈగలకు మసాలా సరిపోయిందంటనా?" అని అడిగి పెట్టేశాడు.

ఆ రోజు కరెంటు పోలేదు. కొత్త కాయిల్ బాగా పనిచేసింది. గీత చక్కగా తేలింది. తేనె వాళ్ళ క్యాన్లలోకి, మైనం మా ట్రేలోకి పోయింది. రొద్దం ఆమె మైనం వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. కట్టుబాటు కట్టుబాటే కదా. మొగుడితో క్యాన్లు బయటికి మోయిస్తోంది.

మా ఓనరు ట్రే దగ్గరికి వచ్చాడు. వంగి మైనం మీద ముక్కు పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. అంత శుభ్రమైన మైనం నా సర్వీసులో నేను ఇంకెప్పుడూ తీయలేదు. ఆయన లేచి నిలబడి, ముఖం చిట్లించి, వాకిట్లోకి వినబడేలా కేకేశాడు.

"ఛీ! మళ్ళా బిర్యానీ వాసనే. ఏమ్మా, ఇది నాకొద్దు, నువ్వే తీసుకపో."